మా నాన్న పంచి ఇచ్చిన ఇంటిపేరు

మా మనవరాలు పెళ్లి చేసుకుంటానన్న కుర్రాడి ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటే. ఆ ఇంటిపేరు వాళ్లకు ఇచ్చింది మా నాన్న. అది రక్తసంబంధమని, ఈ దీవిలో మేముండే జంగ్లీఘాట్‌లో గడప గడపకూ చెప్పింది నేను. ఇప్పుడు కాదు మొర్రో అంటే నమ్మే నాథుడు లేడు.

తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఇంటిపేరు ఒకటైతే ఆ పిల్లా ఆ పిల్లాడూ అన్నాచెల్లెళ్లు. వాళ్ల తాతముత్తాతలు ఎక్కడ విడిపోయారో ఎవరికీ గుర్తులేకపోయినా అన్నాచెల్లెళ్లే. ఇక్కడి బెంగాలీవాళ్లకూ హిందీవాళ్లకూ మాత్రం నేను చాలాసార్లు చెప్పాల్సి వచ్చింది. మా మనవరాలితో డైరీ ఫార్మ్ దగ్గర ల్యాబులో పనిచేసే ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చి, "అంకుల్, మాలో ఇంత మంది ఒకే సర్‌నేమ్ పెట్టుకుంటారు, మేమంతా పెళ్లిళ్లు చేసుకోవట్లేదా" అని హిందీలో అడిగింది. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకపోవడం నాకు అలవాటు లేని పని.

మా ఇంటిపేరేమిటో రాయను. పడవలో ఉండే ఒక చెక్క పేరు అది. అంతకు మించి చెబితే మా సందులో పిల్లలు కూడా నన్ను పట్టేస్తారు. ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం చెబుతాను. మా పూర్వీకుడొకాయన కళింగ రేవుల్లో పెద్ద ఓడ నడిపేవాడు. ఒకనాడు రాజుగారు ఓడ ఎక్కారు. నడిసముద్రంలో తుఫాను పట్టింది. ఆ చెక్క ఫెళ్లున విరిగింది. మా పూర్వీకుడు దాని స్థానంలో తన వీపు ఆనించి, తుఫాను తీరేదాకా అలాగే నిలబడ్డాడు. ఒడ్డుకు చేరాక రాజుగారు ఆయన వీపు నిమిరి, ఈనాటి నుంచి నీ వంశానికి ఇదే పేరు అన్నారు. ఈ కథ నేను ఫెర్రీ మీద పనిచేసినన్నాళ్లూ హేవ్‌లాక్ దీవికి వెళ్లే టూరిస్టులకు చెప్పాను. వాళ్లు నా వీపు వైపు కూడా గౌరవంగా చూసేవారు.

మా నాన్న చెప్పిన కథ వేరు. మా ముత్తాత ఆ చెక్కను పొరుగువాడి పడవ నుంచి పీక్కొచ్చి తన పడవకు బిగించుకున్నాడు. పట్టుబడ్డాడు. ఊరంతా అతన్ని ఆ చెక్క పేరుతోనే పిలవడం మొదలుపెట్టారు. రెండు తరాలు గడిచేసరికి దొంగతనం మరుగున పడింది, పేరు మిగిలింది. ఇంటిపేర్లలో సగం ఇలాంటివేనని నా అనుమానం. కొన్ని ఊళ్ల నుంచి వచ్చాయి, కొన్ని పనుల నుంచి వచ్చాయి, మిగిలినవి ఎవరో ఎవరినో వెక్కిరిస్తే అతుక్కుపోయాయి.

సొంత పేరు సంగతీ అంతే. మా అమ్మకు నాకు ముందు పుట్టిన ఇద్దరు దక్కలేదు. నేను పుట్టగానే నన్ను పొత్తిగుడ్డలతో సహా పక్కింటి ముసలమ్మకు గుప్పెడు తవుడుకు అమ్మేసి, తర్వాత తిరిగి కొనుక్కుంది. ఇంత చవక సరుకును యముడు తీసుకుపోడని ఆశ. అలా దక్కిన పిల్లలకు తవుడు కలిసొచ్చేలా పేరు పెట్టడం మా శ్రీకాకుళం వైపు రివాజు. పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఎత్తుకున్నవాళ్లకు పెంట కలిసిన పేరు. మా సందులో పాత తరంలో రెండు రకాలవాళ్లూ ఉండేవారు. మా బోటులో పనిచేసిన తమిళ ఇంజనీరు ఒకాయన నా పేరుకు అర్థమేమిటని అడిగితే, వెయ్యి ఏనుగుల బలం అని చెప్పాను. ఆయన రిటైరై చెన్నై వెళ్లేదాకా నన్ను హాథీ సాబ్ అనే పిలిచాడు. ఆయన పడవ దిగే రోజున నిజం చెబుదామనుకున్నాను గానీ, నాకు దండం పెట్టాడు, చెప్పలేకపోయాను.

మా మనవరాలి పేరు మా కోడలు ఏదో హిందీ సీరియల్లోంచి తీసింది. దాని అర్థం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్ల ఫోన్లో వెతికితే ఒకచోట సువాసన అని వచ్చిందట, ఇంకోచోట యుద్ధం అని. రెండూ సరిపోయాయని మా అబ్బాయి అన్నాడు. మా ఊరి పేరే ఈమధ్య మారింది. బోర్డులు మారాయి, ఆటోవాళ్లు ఇంకా పాత పేరే అరుస్తున్నారు. ఊరంతా కలిసి ఒక పేరు మరవడానికే ఇంత కాలం పడుతుంటే, ఒక ముసలివాడు తన ఇంటిపేరు గురించి తానే చెప్పిన మాట మరిచిపొమ్మంటే జనం మరుస్తారా?

అసలు సంగతికి వస్తాను.

మా నాన్నా, ఆ కుర్రాడి ముత్తాతా విశాఖపట్నంలో ఈ దీవులకు వచ్చే ఒకే ఓడ ఎక్కారు. అంతకు ముందు ఒకరికొకరు తెలియదు. ఓడలో పక్కపక్కన పడుకున్నారు, ఒకే బొచ్చెలో గంజి తాగారు. ఆయనకు విపరీతమైన దగ్గు. ఓడ దిగాక, కూలీలను తెచ్చిన మేస్త్రీ మనుషుల్ని రెండు ముఠాలు చేశాడు. ఒక ముఠా అడవిలో చెట్లు కొట్టడానికి పైదీవికి, ఇంకో ముఠా ఇక్కడే రేవు పనికి. మా నాన్నది రేవు ముఠా, ఆయనది అడవి ముఠా. ఆ దగ్గుతో అడవికి వెళితే మనిషి దక్కడని మా నాన్నకు తోచింది. అన్నదమ్ముల్ని విడదీయరని ఎవరో అన్న మాట చెవిన పడి, గుమాస్తా ముందుకు వెళ్లి, "ఈడు నా తమ్ముడు" అన్నాడు. గుమాస్తా ఇంటిపేరు అడిగాడు. ఆయనకు ఇంటిపేరు లేదు. పసితనంలోనే తల్లీ తండ్రీ పోతే ఒక ముసలమ్మ చేరదీసి పెంచింది. ఊళ్లో ఆయన్ని ఆ ముసలిదాని గుంటడు అనే పిలిచేవారు. నీళ్లు నములుతుంటే మా నాన్నే తన ఇంటిపేరు చెప్పేశాడు. అంతే జరిగింది. ఆయనకు రేవులో పని దొరికింది, దగ్గు తగ్గింది, పెళ్లయింది, కొడుకు పుట్టాడు. ఆ కొడుకే నా స్నేహితుడు.

మేమిద్దరం ఒకే బడిలో ఒకే తరగతిలో చేరాం. తెలుగు బడే అయినా హిందీ మాస్టారు హిందీవాడు. ఇంటిపేరు వెనక రాసుకునే దేశం ఆయనది; మా ఇంటిపేరు ముందుంటుంది కాబట్టి అదే మా పేరనుకున్నాడు. ఇద్దరికీ ఒకటే కావడంతో, పొడుగ్గా ఉన్న నన్ను బడా అని, పొట్టిగా ఉన్న వాడిని ఛోటా అని పిలిచాడు. వయసులో వాడే నాకన్నా కొద్ది నెలలు పెద్ద. అయినా ఆ పిలుపులు అలాగే నిలిచిపోయాయి. జంగ్లీఘాట్ చేపల రేవులో ఇప్పటికీ ఛోటా అంటే వాడే.

మా నాన్న ఆ ఓడ సంగతి దాచనూ లేదు, చాటనూ లేదు. చాటింపు వేసింది నేను. ఛోటా పెద్దకొడుక్కి సంబంధం చూస్తున్నప్పుడు ఆడపిల్లవాళ్లు శ్రీకాకుళం నుంచి వచ్చారు. వీళ్ల మూలం ఏ ఊరు, ఏ వంశం అని ఆరా తీశారు. ఛోటా తల వంచుకుని గోడకు చేరగిలబడ్డాడు. వాడి ముఖం చూడలేక నేను లేచాను. రాజుగారి ఓడ కథ ఎత్తుకున్నాను. ఆ పూట ఆ చెక్క స్థానంలో నిలబడింది ఒక్కడు కాదు, ఇద్దరు అన్నదమ్ములు. పెద్దవాడి సంతతి మేము, చిన్నవాడి సంతతి ఛోటావాళ్లు. చెబుతూ చెబుతూ నాకే ఒళ్లు పులకరించింది. సంబంధం అక్కడికక్కడే ఖాయమైంది. ఆ తర్వాత ఆ ఇద్దరన్నదమ్ములూ నా కథలోంచి మళ్లీ దిగలేదు.

ఛోటా కొడుకులు నన్ను చిన్నాన్న అన్నారు. నా కొడుకు వాడిని పెదనాన్న అన్నాడు. ఇక మైల సంగతి. మాలో ఇద్దరిదీ ఒకే ఇల్లు అవునా కాదా అన్నది పెళ్లి పందిట్లో తేలదు, చావులో తేలుతుంది. ఒక మనిషి పోతే ఆ ఇంటిపేరువాళ్లందరికీ మైల. పోయినవాళ్లకన్నా చిన్నవాళ్లయిన మగవాళ్లు వరసగా కూర్చుని గుండ్లు చేయించుకోవాలి. బయటివాళ్లు చూసి, స్నానం చేసి, ఇంటికి వెళ్లిపోతారు. మా నాన్న పోయినప్పుడు ఛోటా నా పక్కన కూర్చుని తల వంచాడు. వాడి తండ్రి పోయినప్పుడు నేను వాడి పక్కన కూర్చున్నాను. నా భార్య పోయినప్పుడు వాడి కొడుకులు ఎవరూ పిలవకుండానే వచ్చి మంగలి ముందు కూర్చున్నారు. ఆ వేళ నా కొడుక్కి అటొకడూ ఇటొకడూ లేకపోతే వాడు నిలబడగలిగేవాడు కాదు.

ఇలాంటి ఇళ్ల మధ్య మా మనవరాలూ ఛోటా మనవడూ పెరిగారు. కుర్రాడు వండూర్ జెట్టీ నుంచి దీవులకు వెళ్లే బోటు నడుపుతాడు. రాఖీ పండక్కి ఈ పిల్ల ఏటా వాడికి రాఖీ కట్టాలి. ఒక ఏడు పళ్లెంలో రాఖీ పెట్టుకుని వాళ్లింటి దాకా వెళ్లి, తిరిగి వచ్చేసి నా చేతికి కట్టింది.

"నాకెందుకే?" అన్నాను.

"నువ్వూ మగాడివేగా తాతా. ఉంచుకో. రఖ్‌లో" అంది.

నేను మురిసిపోయి రోజంతా ఆ చేత్తోనే వీధిలో తిరిగాను. ఎంత తెలివైనవాడినో చూడండి. మరుసటి ఏడూ అలాగే చేస్తే, మా కోడలు పళ్లెం లాగేసి అడిగింది. పిల్ల చెప్పేసింది. ఆ కుర్రాణ్ణి తప్ప ఇంకొకణ్ణి చేసుకోనంది. మా కోడలు గోడకు తల కొట్టుకుంది. మా అబ్బాయి చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయాడు. నేను మాత్రం నవ్వాను.

"ఇంతేనా? ఆళ్లకీ మనకీ రక్తం లేదు. మా నాన్న ఓడలో కలిసినాడు ఆళ్ల ముత్తాతని" అన్నాను.

మా కోడలు కళ్లు తుడుచుకుని నా వైపు చూసింది. "మావా, సునామీ నాడు కెరటం మీద బోటెక్కించి నలభైమందిని కాపాడినానని నువ్వే సెప్పినావు కదా?"

"సెప్పినాను."

"ఆ నాడు నువ్వు మాతో కొండ మీదున్నావు. నా సీర సెంగు పట్టుకొని ఒణికినావు."

"అది వేరే ముచ్చట."

"ఇదీ ఆ ముచ్చటే. పిల్ల కోసం కొత్త కథ కడతన్నావు. నా పెళ్లికి మా అయ్య దగ్గర నువ్వు సెప్పినదేటి? ఛోటా మామ మీ తాత తమ్ముడి మనవడని దీపం ముందర సెప్పలేదేటి?"

చెప్పాను. దీపం వెలుగుతున్న మాట కూడా నిజమే.

మా సందులో పెద్దవాళ్లనుకునే నలుగురి దగ్గరికీ వెళ్లాను. ఒకాయన నా మాట మొత్తం విని, భుజం తట్టి, "కథ బావుంది భయ్యా, గానీ పాతదే బావుంది, రాజుగారున్నాడు అందులో" అన్నాడు. ఇంకొకామె తలుపు దగ్గరే నిలబెట్టి, "సిగ్గులేదేటి? మనవరాలి కోసం పోయినోళ్ల మీద అబద్ధాలాడతావా" అని తిట్టింది. జీవితమంతా అబద్ధాలు చెప్పి భోజనాలు చేసినవాణ్ణి, ఒక్క నిజం చెప్పి మంచినీళ్లు కూడా పుట్టకుండా తిరిగి వచ్చాను.

మా వెనక సందులో ఒక క్రైస్తవ కుటుంబం ఉంది. వాళ్లదీ మా వైపు నుంచి వచ్చిన ఇల్లే. ఆ పెద్దాయన బాప్తిస్మంలో పేరు మార్చుకున్నాడు. ఇంటిపేరు మాత్రం మార్చుకోలేదు. ఒకనాడు ఆయన నన్ను ఆపి, "మా దేవుడు పాత పేరు తీసేసి కొత్త పేరిస్తాడు గానీ, అన్నా, పెళ్లిళ్ల దగ్గరకొచ్చేసరికి మేమూ ఇంటిపేరే అడుగుతాం" అని జాలిగా నవ్వాడు. ఆయన ఒక్కడే నన్ను నమ్మినట్టున్నాడు. నమ్మి మాత్రం ఏం చేయగలడు?

ఇక మిగిలింది ఛోటా. వాడు నోరు విప్పితే చాలు. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. అప్పటికే వాడు ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. కిటికీ పక్కన, దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పిల్లను చూసి నవ్వి, వంటింట్లోకి వెళ్లి నానమ్మ దగ్గర కూర్చోమన్నాడు. మేమిద్దరమే మిగిలాం.

"సెప్పరా," అన్నాను. "మన నాన్నలు ఓడలో కలిసినారని నీ నోటితో సెప్పు. నన్నెవడూ నమ్మట్లేదు."

"నిన్ను నమ్మకపోడం కొత్తేటి?"

"నవ్వులాట కాదురా. పిల్లలు ఏడస్తన్నారు."

"మన మద్దెన రక్తం లేదని నాకు తెలీదేటి బడా? మా అయ్య నాకు సెప్పినాడు. సెప్పి, ఎవల దగ్గరా అనకురా అని ఒట్టేయించుకున్నాడు."

"ఇప్పుడా ఒట్టు ఎందుకు?"

"ఆ ఇంటిపేరు మాది కాదంటే, మరి మాదేది? సెప్పు. నీకైతే దొంగ ముత్తాతైనా ఉన్నాడు. మాకెవలున్నారు? నా కొడుకులు, కోడళ్లు, మనవలు, అందరూ ఆ పేరు మీద నిలబడినారు. నేను సచ్చే ముందర లేచి, ఒరే మనకి పేరు లేదురా, మనం ముసలిదాని గుంటలం అని సెప్పాలా?"

వాడి ఛాతీ ఎగసిపడుతోంది. నీళ్లు తాగించాను.

"నువ్వే ఏదో ఒకటి కట్టు," అన్నాడు కాస్త తేరుకుని. "ఇంత కాలం కట్టినావు. పిల్లల పెళ్లయ్యేలాగ, మా పేరు పోకుండేలాగ ఒక కథ కట్టు. సున్తాను."

కట్టలేకపోయాను. ఒట్టు, ఆ గదిలో కూర్చుని ప్రయత్నించాను. మేనరికం కథ ఒకటి, దత్తత కథ ఒకటి మొదలుపెట్టాను. రెండూ మూడో మాట దగ్గర తెగిపోయాయి. పిల్ల వంటింట్లోంచి వచ్చి మా ఇద్దరి ముఖాలూ చూసి, నన్ను లేపి ఇంటికి తీసుకొచ్చింది. దారిలో ఒక్కటే అంది.

"తాతా, వాడి నాన్న మా నాన్నతో మాట్లాడటం మానేశాడు. వాడిని వండూర్‌లోనే ఉండమన్నారు, ఇంటికి రావద్దన్నారు. అబ్ క్యా కరూఁ? ఇప్పుడేం చేయను?"

నేను ఆమె తల నిమిరాను. అంతకన్నా ఏమీ చేయలేదు. ఆమెకు ధైర్యం చెప్పానని రాయవచ్చు గానీ, చెప్పలేదు.

వర్షాలు తగ్గే వేళకు ఛోటా పోయాడు. తెల్లారి కబురొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. అంటే, నా మోకాళ్లతో పరుగనదగ్గది. కుర్రాడు అప్పటికే వండూర్ నుంచి వచ్చేశాడు. తాత కాళ్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. మా మనవరాలు గుమ్మం బయట ఆడవాళ్లలో నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు.

శవాన్ని ఎత్తే ముందే నాకు తెలిసిపోయింది, ఆ రోజు అందరి కళ్లూ నా తల మీదే ఉంటాయని. నేను ఆ వరసలో కూర్చుని గుండు చేయించుకుంటే, ఊరి ముందు మళ్లీ ఒప్పుకున్నట్టే: మేం ఒకే ఇల్లు, ఆ పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్లు. కూర్చోకపోతే, ఏనాటి నుంచో నా పక్కన కూర్చున్నవాడి శవం ముందు, నువ్వు నాకేమీ కావు అని చెప్పినట్టు. మా అబ్బాయి నా వెనకే నడుస్తున్నాడు. నేనేం చేస్తే వాడూ అదే చేస్తాడు. మా మనవరాలు శ్మశానానికి రాదు. ఇంటి గుమ్మం దగ్గర నిలబడి, నేను ఏ తలతో తిరిగి వస్తానో అని చూస్తూ ఉంటుంది.

సముద్రం ఒడ్డున రేకుల షెడ్డు కింద మంగలి కూర్చున్నాడు. ఛోటా కొడుకులు, మనవలు వరసగా కూర్చున్నారు. ఇక్కడ నేను ఏమని రాద్దామనుకున్నానంటే: మనవరాలి బతుకు తలచుకుని, గుండె రాయి చేసుకుని, బయటివాళ్ల గుంపులోకి తప్పుకున్నాను అని. మొదటిసారి అలాగే రాశాను కూడా. చదువుకుంటే బాగానే ఉంది. చింపేశాను.

జరిగింది ఇది. నా కాళ్లు నేరుగా ఆ వరసలోకి తీసుకెళ్లాయి. ఎప్పటిలా చొక్కా విప్పి, కుర్రాడి పక్కన చతికిలబడ్డాను. బకెట్లో నీళ్లు తీసుకుని నా తల నేనే తడుపుకున్నాను. ఆ క్షణంలో నాకు మనవరాలు గుర్తు లేదు. గుర్తు లేదని రాయడానికి సిగ్గేస్తోంది. నా వంతు వచ్చింది. మంగలి కత్తి ఎత్తాడు. అప్పుడు ఛోటా పెద్దకొడుకు లేచి వచ్చి నా భుజం పట్టుకున్నాడు. అప్పటికే వాడి తల నున్నగా ఉంది.

"లే సిన్నాన్నా" అన్నాడు.

"కూకోనీరా."

"లే. నీకు మైల లేదు."

"నోరు ముయ్. మీ అయ్యకి నేనెవల్ని?"

"మా అయ్యే సెప్పినాడు. మొన్న మమ్మల్నందరినీ పిలిసి సెప్పినాడు. ఓడ ముచ్చట మొత్తం సెప్పినాడు. నేను పోతే బడాని కూకోనివ్వకండి, ఆడు కూకుంటాడు, లేపేయండి అన్నాడు."

మంగలి కత్తి పట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. నేను లేవలేదు. నేల మీద చెయ్యి ఆనించి ఇంకా గట్టిగా కూర్చున్నాను. చిన్నపిల్లాడిలా మొండికేశాను. అబద్ధంరా, మీ అయ్య జొరంలో అన్నాడు, నా మాట వినండి, మనం ఒకే ఇల్లు అని అరిచాను. ఇంత కాలం నేను చెప్పిందే మళ్లీ చెప్పాను, ఏడుస్తూ చెప్పాను. ఒక్కరూ నమ్మలేదు. వాళ్ల అయ్య మాట నమ్మారు.

చివరికి నా పక్కనున్న కుర్రాడే ఒక చెయ్యి పట్టుకున్నాడు, నా కొడుకు ఇంకో చెయ్యి. ఇద్దరూ కలిసి నన్ను లేపి, షెడ్డు బయట, చూడటానికి వచ్చినవాళ్ల దగ్గర నిలబెట్టారు. అక్కడ మా తమిళ పొరుగువాళ్లూ, బెంగాలీ చేపల వ్యాపారీ, ఆ క్రైస్తవ పెద్దాయనా ఉన్నారు. ఆయన నా చొక్కా దులిపి చేతికిచ్చాడు. తడితలతో, జుట్టుతో, వాళ్ల మధ్య నిలబడి చితి అంటుకోవడం చూశాను.

ఇంటికి వచ్చేసరికి మా మనవరాలు గుమ్మంలోనే ఉంది. నా తల చూసింది. చేత్తో నోరు మూసుకుంది. సంతోషమో దుఃఖమో నాకు తెలియలేదు. ఆమెకూ తెలియలేదేమో.

మైల ఉన్న ఇంట్లో పదకొండో రోజు దాకా పొయ్యి మీద చేప పెట్టరు. మర్నాడు మా కోడలు పప్పు వండింది. ఆ మర్నాడూ పప్పే. సందులో ఆడవాళ్లు కుళాయి దగ్గర మా వంటింటి కిటికీ వైపు చూస్తున్నారని నాకు తెలుసు. మూడోనాడు ఛోటా భార్య కబురు పంపింది. ఆమె నోటి మాటగా చిన్నకోడలు వచ్చి గుమ్మం అవతలే నిలబడి చెప్పింది: "మీరు సేప వండుకోండంట. వండకపోతే ఆయన సెప్పిన మాటకి విలువ లేదంట."

మా మనవరాలు ల్యాబుకు సెలవు పెట్టి రేవుకు వెళ్లింది. మా కోడలు ముట్టుకోనంటే తానే కడిగి, తానే పులుసు పెట్టింది. మసాలా వాసన సందంతా పాకింది. ఛోటా ఇల్లు మాకు అయిదిళ్ల అవతల. గాలి అటే వీస్తోంది. నా కొడుకు కంచం ముందు కూర్చుని అన్నం కలపకుండా చూస్తున్నాడు.

పిల్ల నా కంచంలో ముక్క వేసింది. తాను నాకెదురుగా కింద కూర్చుంది.

"ముందు నువ్వు తిను తాతా. నువ్వు తింటేనే నాన్న తింటాడు."

"వాడు నా స్నేహితుడే."

"నాకు తెలుసు."

"ఇంకో వారం ఆగితే..."

"ఆగితే మనం వేరే ఇల్లని ఎవరూ నమ్మరు" అంది. కంచం నా వైపు జరిపింది. "ఏమీ చెప్పకు. ప్లీజ్. తిను."

తిన్నాను. ముల్లు తీయడం కూడా మరిచిపోయాను. ఎలా ఉందని ఎవరూ అడగలేదు. నేనే బాగుందన్నాను. అప్పుడు నా కొడుకు అన్నంలో చెయ్యి పెట్టాడు.